అమెరికాలో కూడలి దగ్గర ముందు ఎవరు వెళ్ళాలి? న్యూజెర్సీలో కారు నడపవలసిన విశాఖవాసి సందేహం

ప్రశ్న: సీతమ్మధార, విశ్రాంత అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో 26 ఏళ్ళుగా కారు నడుపుతున్నాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రోజూ సీతమ్మధార నుంచి గాజువాక వెళ్ళి వచ్చేదాన్ని. ఎన్ఏడీ కొత్త రోడ్డు దగ్గర వంతెన లేని రోజుల్లోనూ, దాన్ని కడుతున్న రోజుల్లోనూ నాకు అదే దారి. ఇంతవరకు నా చేతిలో ఎవరికీ దెబ్బ తగలలేదు. వచ్చే నవంబరులో మా అమ్మాయికి రెండో కాన్పు. వాళ్ళు న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటారు. అల్లుడు వారంలో మూడు రోజులు రైలెక్కి న్యూయార్క్ వెళ్ళాలి కాబట్టి, ఆ రోజుల్లో అమ్మాయిని ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికీ, పెద్ద మనవడిని బడి నుంచి తెచ్చుకోవడానికీ నేను బండి నడపగలిగితే వాళ్ళకు పెద్ద ఆసరా అవుతుంది.

కుడివైపు నడపడం గురించి నాకు అంత భయం లేదు. రెండు వారాల్లో అలవాటవుతుందని అందరూ చెబుతున్నారు. నాకు అంతుపట్టనిది వేరే విషయం. పోయిన ఏడాది వెళ్ళినప్పుడు ఒక రాత్రి పది దాటాక మా అల్లుడు నాలుగు రోడ్లు కలిసే చోట ఎర్ర బోర్డు చూసి బండి పూర్తిగా ఆపాడు. చుట్టూ మనిషి లేడు, బండి లేదు. మరుసటి రోజు సాయంత్రం అదే కూడలికి నాలుగు వైపుల నుంచీ నాలుగు కార్లు వచ్చాయి. పోలీసు లేడు, దీపం లేదు, ఒక్కరూ హారన్ కొట్టలేదు. వరుస పెట్టి ఒకరి తరువాత ఒకరు వెళ్ళిపోయారు. ఆ వరుసను ఎవరు నిర్ణయించారో నాకు తెలియలేదు.

ఒక ఆదివారం ఉదయం అల్లుడు ధైర్యం చెప్పి స్టీరింగు నాకు ఇచ్చాడు. అదే కూడలిలో నేను ఆగాను. దాదాపు అదే క్షణంలో నా ఎడమ చేతివైపు రోడ్డు మీద ఒక నీలం కారు వచ్చి ఆగింది. మర్యాదగా ఉంటుందని నేను కదలకుండా ఉన్నాను. ఆ కారులోని ఆవిడ చేయి ఊపింది. ఆ ఊపడానికి అర్థం 'నువ్వు వెళ్ళు' అనా, 'నేను వెళ్తున్నాను' అనా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. చివరికి ఆవిడ కదిలింది, అదే క్షణంలో నేనూ కదిలాను, ఇద్దరమూ బ్రేకు తొక్కాము. రెండు బళ్ళ మధ్య బారెడు దూరం మిగిలింది. వెనక సీటులో ఉన్న అమ్మాయి ఇంటికి వచ్చేవరకు మాట్లాడలేదు. ఆ తరువాత నేను అక్కడ స్టీరింగు ముట్టుకోలేదు.

మద్దిలపాలెం కూడలిలో సిగ్నల్ పనిచేయని పూట ఎవరు ముందు వెళ్తారో నాకు తెలుసు. బండి ముక్కు ముందుగా దూర్చినవారిది దారి. ఎదుటివారి కళ్ళు చూసి, ముందు చక్రం చూసి, వాళ్ళు ఆగుతారా ఆగరా అని పోల్చుకోవడమే ఇక్కడ మనం నేర్చుకున్న విద్య. అక్కడ దానికి బదులు ఏదో నియమం ఉందని అర్థమైంది కానీ, ఆ నియమం దేని మీద నిలబడి ఉందో తెలియలేదు. బోర్డుల పట్టిక బట్టీ పట్టడం కాకుండా, దాని మూలం ఏమిటో వివరంగా చెప్పగలవారు ఉంటే దయచేసి చెప్పండి.


జవాబు: గాజువాక వాసి, ప్రస్తుతం న్యూజెర్సీ

మేడం గారూ, నమస్కారం. నేను పదకొండేళ్ళుగా ఇక్కడ నడుపుతున్నాను. మీరు అడిగిన మూలం నాకు ఒంటబట్టడానికి రెండేళ్ళు పట్టింది కాబట్టి కొంచెం నిదానంగా రాస్తాను.

'రైట్ ఆఫ్ వే' అన్న మాట వినగానే, చట్టం ఎవరికో ఒకరికి ముందు వెళ్ళే హక్కు ఇస్తుందని మనం అనుకుంటాం. చట్టంలో వాక్యాలు చదివితే దాదాపు అన్నీ తిరగేసి రాసి ఉంటాయి. ఫలానా సందర్భంలో ఫలానా డ్రైవరు ఎదుటివారికి దారి ఇవ్వాలి అనే ఉంటుంది. కూడలికి చేరిన ప్రతిసారీ 'ఇక్కడ దారి ఇవ్వవలసింది ఎవరు?' అని అడుగుకోండి, 'ఇక్కడ దారి ఎవరిది?' అని అడుగుకోకండి. మొదటి ప్రశ్నకు ప్రతి చోటా ఒక స్పష్టమైన జవాబు ఉంటుంది. రెండో ప్రశ్న మనల్ని మళ్ళీ మద్దిలపాలేనికే తీసుకుపోతుంది.

మీ నీలం కారు సంగతికి వస్తాను. నాలుగు వైపులా ఎర్రటి ఎనిమిది మూలల స్టాప్ బోర్డు ఉన్న కూడలిలో ముందుగా వచ్చి ఆగినవారు ముందుగా వెళ్తారు. ఇద్దరు ఒకేసారి ఆగితే, ఎడమవైపు ఉన్నవారు తమ కుడివైపు ఉన్నవారికి దారి ఇవ్వాలి. ఆవిడ మీకు ఎడమవైపు ఉన్నారంటే, మీరు ఆవిడకు కుడివైపు ఉన్నట్టు. అంటే వంతు మీది. ఆవిడ చేయి ఊపి 'మీ వంతు, వెళ్ళండి' అన్నారు. మీరు కదలకపోయేసరికి, మీకు వెళ్ళే ఉద్దేశం లేదనుకుని తాను బయలుదేరారు. మీరు మర్యాద అనుకుని చేసినది ఆవిడకు సందిగ్ధమైంది. ఇక్కడ తన వంతు తీసుకోవడం కూడా డ్రైవరు బాధ్యతే, ఎందుకంటే మిగిలిన ముగ్గురూ తమ వంతును మీ వంతును బట్టే లెక్కపెట్టుకుంటూ ఉంటారు.

ఎదురెదురుగా ఆగిన ఇద్దరి మధ్య వేరే లెక్క ఉంది. ఇద్దరూ తిన్నగా వెళ్తుంటే ఒకేసారి వెళ్ళవచ్చు. ఒకరు ఎడమకు తిరగాలనుకుంటే, తిన్నగా వచ్చేవారు వెళ్ళేదాకా వారు ఆగాలి. ఈ ఎడమ మలుపు మనకు ఇక్కడ అన్నిటికంటే ప్రమాదకరమైనది. విశాఖలో మనం కుడికి తిరిగేటప్పుడు ఎదురు బళ్ళను కోసుకుంటూ వెళ్తాం. ఇక్కడ ఆ పని ఎడమకు తిరిగేటప్పుడు చేయాలి. దీపం గుండ్రటి ఆకుపచ్చగా ఉంటే ఎడమకు తిరగడానికి అనుమతి ఉంది కానీ, ఎదురుగా వచ్చేవారందరికీ దారి ఇచ్చిన తరువాతే తిరగాలి. ఆకుపచ్చ బాణం గుర్తు ఉంటే ఎదుటివారికి ఎర్ర దీపం ఉంటుంది. కొన్ని చోట్ల పసుపు బాణం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని అర్థం కూడా 'దారి ఇచ్చి తిరుగు' అనే.

ఈ మలుపు దగ్గర నాకు జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఒక్కో వైపు రెండేసి లేన్లు ఉన్న రోడ్డు మీద ఎదురుగా రద్దీలో ఆగి ఉన్న ఒక పెద్దాయన నాకు చేయి చూపి తిరగమన్నారు. నేను తిరిగాను. ఆయన పక్క లేన్‌లో వస్తున్న వ్యానుకు నేను కనబడలేదు, నాకు వ్యాను కనబడలేదు. నా కారు వెనక తలుపు నొక్కుకుపోయింది. పోలీసు వచ్చి రాసిన నివేదికలో తప్పు నాదిగానే ఉంది, ఎందుకంటే ఎడమకు తిరిగేవారు దారి ఇవ్వాలి. పెద్దాయన మంచి మనసుతో చేయి ఊపారు కానీ, ఆయన తన లేన్‌ను మాత్రమే నాకు వదలగలరు, పక్క లేన్‌ను వదలలేరు. అప్పటినుంచి ఎవరైనా చేయి ఊపితే నేను కృతజ్ఞతగా తల ఊపి, నా కళ్ళతో అన్ని లేన్లూ చూసుకున్నాకే కదులుతాను.

'ఆగడం' అంటే చక్రాలు పూర్తిగా నిలవడం. తెల్ల గీత ఉంటే దాని వెనక, లేకపోతే నడిచేవారి గీతల వెనక. వేగం బాగా తగ్గించి, చక్రం తిరుగుతూ ఉండగానే జారిపోవడం కూడా స్టాప్ బోర్డును దాటినట్టే. దానికి జరిమానా ఉంది. మీ అల్లుడు రాత్రి పదింటికి ఎవరూ లేని చోట ఆగడానికి ఇదే కారణం. ఎవరూ లేరని తెలుసుకోవడానికే ఆ ఆగడం.

ఎర్ర దీపం ఉన్నా పూర్తిగా ఆగి, అందరికీ దారి ఇచ్చి, కుడికి తిరగవచ్చు. 'ఎర్ర దీపం మీద తిరగరాదు' అని బోర్డు ఉంటే కూడదు. వంతెన దాటి న్యూయార్క్ నగరంలోకి వెళ్తే లెక్క తలకిందులవుతుంది: అక్కడ తిరగవచ్చని బోర్డు ఉన్న చోట తప్ప ఎర్ర దీపం మీద తిరగకూడదు. ఒకే రోజులో రెండు నియమాల కింద నడిపే అవకాశం మీకు ఉంది కాబట్టి ఇది మరిచిపోకండి.

న్యూజెర్సీకి మాత్రమే గుర్తుగా చెప్పుకునే ఒక వింత ఉంది. రూట్ 1 లాంటి పెద్ద రోడ్ల మీద కొన్ని కూడళ్ళలో ఎడమకు నేరుగా తిరగనివ్వరు. కుడి లేన్‌లోకి వచ్చి, పక్కకు చీలే చిన్న దారిలోకి వెళ్ళి, అడ్డరోడ్డు మీదికి చేరి, అక్కడి నుంచి దాటాలి. దీన్ని జగ్‌హ్యాండిల్ అంటారు, కూజా చెవిలా వంపు తిరిగి ఉంటుంది కనుక. ఎడమకు వెళ్ళాలంటే కుడి లేన్ పట్టుకోవాలని మొదటిసారి ఎవరికీ తట్టదు. బోర్డులు ముందుగానే చెబుతాయి. ఒకవేళ దాటిపోతే తరువాతి దాకా వెళ్ళి వెనక్కి రండి, హఠాత్తుగా లేన్ మారకండి.


జవాబు: మ్యూనిక్‌లో ఉంటున్న మధురవాడ అబ్బాయి

మేడం, పై అన్నగారు చెప్పిన 'దారి ఇవ్వవలసింది ఎవరు' అన్న మాటను జర్మనీ అనుభవంతో కొంచెం ముందుకు తీసుకువెళ్తాను. మీరు వెళ్ళేది అమెరికాకే అయినా, ఈ చర్చను యూరప్ వెళ్ళేవారు కూడా చదువుతారు.

భారతీయ లైసెన్సుతో జర్మనీలో స్థిరపడినవారు ఆరు నెలలు మాత్రమే నడపగలరు. ఆ తరువాత రాత పరీక్ష, నడిపే పరీక్ష రెండూ రాసి ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి. రాత పరీక్షలో 30 ప్రశ్నలు ఉంటాయి, ఆంగ్లంలో రాయవచ్చు. తప్పులకు మార్కులు వేస్తారు. పది దాటితే పోయినట్టు. దారి ఇవ్వడానికి సంబంధించిన ప్రశ్నలకు అయిదేసి మార్కులు కాబట్టి, అలాంటివి రెండు తప్పితే మొత్తం సరిగ్గా పదే అయినా పరీక్ష పోతుంది. ఈ దేశం దేన్ని ఎంత తీవ్రంగా తీసుకుంటుందో ఆ లెక్కలోనే తెలుస్తుంది.

ఇక్కడ ఇళ్ళ మధ్య వీధుల్లో, గంటకు 30 కిలోమీటర్ల ప్రాంతాల్లో, చాలా కూడళ్ళకు అసలు బోర్డే ఉండదు. బోర్డు లేదంటే నియమం లేదని మన మనసు అనుకుంటుంది. జర్మనీలో బోర్డు లేకపోవడమే ఒక నియమం: కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. 'రెష్ట్స్ ఫోర్ లింక్స్', అంటే ఎడమ కంటే కుడి ముందు. నేను వెళ్తున్నది వెడల్పు రోడ్డు, అతను వస్తున్నది చిన్న సందు అయినా సరే, కుడివైపు సందులోంచి వచ్చే సైకిలుకు కూడా నేను ఆగాలి. విశాఖలో పెద్ద రోడ్డు మీద ఉన్న బండి సందులోంచి వచ్చే బండి కోసం ఆగడం ఊహించుకోండి. నాకు మూడో పాఠంలో జరిగింది ఇదే. తిన్నని వీధిలో ముప్ఫై మీద హాయిగా వెళ్తున్నాను, ఒక్కసారిగా బండి దానంతట అదే ఆగిపోయింది. శిక్షకుడి కాలి దగ్గర కూడా బ్రేకు ఉంటుంది, ఆయన తొక్కారు. కుడివైపు పొద పక్కనుంచి ఒక చిన్న కారు నిదానంగా బయటకు వచ్చి, మా వైపు చూడకుండానే మలుపు తీసుకుంది. ఆవిడ చూడలేదని నేను కోపంగా అన్నాను. చూడవలసిన బాధ్యత మీది, ఆవిడ మిమ్మల్ని నమ్మింది అని ఆయన అన్నారు. నడిపే పరీక్షలో ఆయన అలా బ్రేకు తొక్కి ఉంటే పరీక్ష అక్కడితో అయిపోయేది.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. తెల్ల అంచుతో పసుపు వజ్రం ఆకారపు బోర్డు కనబడితే మీరు ప్రాధాన్య రోడ్డు మీద ఉన్నట్టు. పక్కవాళ్ళు మీకు దారి ఇస్తారు. తలకిందుల త్రికోణం ఉంటే మీరు ఇవ్వాలి. కుడివైపు నుంచి వచ్చే దారి పేవ్‌మెంట్ మీదుగా, దించిన అంచురాయి మీదుగా రోడ్డులోకి దిగుతుంటే, అది వీధి కింద లెక్క కాదు. అక్కడినుంచి వచ్చేవారే ఆగాలి. అంచురాయి నాలుగు వేళ్ళ ఎత్తు ఉందా, నేలకు దిగి ఉందా అని కిటికీలోంచి చూసుకుంటూ నడపడం నేను ఇక్కడే నేర్చుకున్నాను.

మరొకటి: కుడికి తిరిగేటప్పుడు మన పక్కన తిన్నగా వెళ్ళే సైకిలు మనిషికి దారి ఇవ్వాలి. తల వెనక్కి తిప్పి భుజం మీదుగా చూడకుండా అద్దంతో సరిపెట్టుకుంటే ఆ సైకిలు కనబడదు.


జవాబు: మెల్బోర్న్ నుంచి, పుట్టిల్లు భీమిలి

ఎడమవైపు నడిచే దేశాలకు వెళ్ళేవారు అక్కడ అంతా మనలాగే ఉంటుందనుకుని నిశ్చింతగా ఉంటారు. నేనూ అలాగే వచ్చాను. ఆస్ట్రేలియాలో టీ ఆకారపు కూడలిలో, అంతమయ్యే రోడ్డు మీద నుంచి వచ్చేవారు కొనసాగే రోడ్డు మీద ఉన్న అందరికీ దారి ఇవ్వాలి. మెల్బోర్న్ నగరం నడిబొడ్డున కొన్ని కూడళ్ళలో కుడికి తిరగాలంటే ఎడమ చివరి లేన్‌లోంచి కూడలిలోకి వచ్చి, ట్రాములకు అడ్డం లేకుండా పక్కన ఆగి, అడ్డరోడ్డుకు ఆకుపచ్చ పడినప్పుడు తిరగాలి. రోడ్డు మధ్యలో ట్రాము ఆగి తలుపులు తెరిస్తే, దిగేవారు మన లేన్ మీదుగానే నడిచి వెళ్తారు కాబట్టి ట్రాము వెనకే ఆగాలి. బ్రిటన్‌లో ఉన్న మా చెల్లెలు చెప్పేది ఏమిటంటే, అక్కడ 2022 జనవరి నుంచి, పక్క రోడ్డులోకి మనం తిరిగేటప్పుడు ఆ రోడ్డు దాటుతున్నవారికే కాక, దాటడానికి అంచున నిలబడి ఉన్నవారికి కూడా దారి ఇవ్వాలని హైవే కోడ్‌లో చేర్చారు. మన జగదాంబ కూడలిలో రోడ్డు దాటడానికి చేయి అడ్డం పెట్టుకుని పరుగెత్తిన మనకు, మనం అంచున నిలబడగానే బండి ఆగడం మొదట్లో నమ్మబుద్ధి కాదు.


జవాబు: డ్రైవింగ్ శిక్షకుడు, ఎంవీపీ కాలనీ

అమ్మా, నేను 18 ఏళ్ళుగా విశాఖలో డ్రైవింగ్ నేర్పుతున్నాను. విదేశాలకు వెళ్ళేముందు నా దగ్గరకు వచ్చేవారు చాలామందే ఉన్నారు. పై ముగ్గురూ చెప్పినది చదివి, ఇదంతా పరాయి దేశాల ఆచారమని ఎవరైనా అనుకుంటారేమోనని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన దేశంలోనూ ఈ నియమం రాసి ఉంది. 1989 నాటి రోడ్డు నియమాల స్థానంలో 2017లో మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. రెంటిలోనూ ఇదే ఉంది: ప్రధాన రోడ్డు మీదికి వచ్చేవారు ఆ రోడ్డు మీద వెళ్ళేవారికి దారి ఇవ్వాలి, మిగిలిన చోట్ల తమ కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. దీపం లేని చోట గీతల మీద నడిచి దాటేవారికి ప్రాధాన్యం ఉంది. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 2019 సవరణ ప్రకారం పది వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ పడవచ్చు. లైసెన్సు పరీక్షకు ముందు అందరూ ఇవి ఒకసారి చదువుతారు. మరుసటి వారం హనుమంతవాక కూడలిలో ఎవరూ పాటించకపోవడం చూసి వదిలేస్తారు. నాకు ఇందులో బాధ కలిగించేది ఏమిటంటే, మన పిల్లలు విదేశంలో అడుగుపెట్టిన మొదటి రోజే అన్నీ పాటిస్తారు, అంటే మనకు చేతకాక కాదు. ఎదుటివాడు పాటిస్తాడన్న నమ్మకం ఇక్కడ లేక.

మీకు పనికివచ్చే అసలు మాట ఇది. మనం ఎడమవైపు నడుస్తాం కాబట్టి వలయాకారపు కూడలిలో బళ్ళు గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతాయి. లోపల తిరుగుతున్న బండి మనకు కుడివైపు నుంచే వస్తుంది. బోర్డు లేని కూడలిలో కూడా కుడివైపు బండికే దారి. అందువల్ల 'కుడివైపు చూడు' అన్న ఒక్క అలవాటుతో మన దగ్గర రెండు చోట్లా పని జరిగిపోతుంది. అమెరికాలో వలయం అపసవ్య దిశలో తిరుగుతుంది, లోపలి బండి ఎడమవైపు నుంచి వస్తుంది, దానికి మీరు దారి ఇవ్వాలి. నాలుగు స్టాప్ బోర్డుల కూడలిలో ఒకేసారి వచ్చినప్పుడు మాత్రం కుడివైపు బండికి దారి. ఇక్కడ ఒక్కటైన అలవాటు అక్కడ రెండుగా విడిపోతుంది. కుడివైపు నడిచే దేశానికి వెళ్ళిన నా శిష్యులలో ఎక్కువమంది తడబడింది లేన్ దగ్గర కాదు, ఈ వలయం దగ్గరే. రోడ్డు దాటేటప్పుడు కూడా ముందుగా ఎడమవైపు చూడాలి, ఎందుకంటే దగ్గరి లేన్‌లో బండి అటునుంచే వస్తుంది.

అభ్యాసానికి ఒక పద్ధతి చెబుతాను. ఎంవీపీ కాలనీలో సెక్టార్ల మధ్య వీధులు ఒకదానికొకటి అడ్డంగా కోసుకుంటూ పోతాయి. ఉదయం ఆరింటికి ముందు రండి. ప్రతి అడ్డవీధి దగ్గరా పూర్తిగా ఆపి, పైకి వినబడేలా చెప్పండి: ఆగాను, నడిచేవారు ఎవరు, నాకంటే ముందు ఎవరు వచ్చారు, నా కుడివైపు ఎవరు, ఇప్పుడు నా వంతు. నోటితో చెప్పడం చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది కానీ, కంటికి క్రమం అలవడేది అలాగే. అయితే ఒక హెచ్చరిక. విశాఖలో ఖాళీ రోడ్డు మీద మీరు ఆగుతారని వెనకవాడు ఊహించడు. కెనడా నుంచి సెలవుల మీద వచ్చిన నా పాత విద్యార్థి ఒకతను బీచ్ రోడ్డులో గీతల దగ్గర ఒక ముసలాయన కోసం ఆగితే, వెనక వస్తున్న మోటారు సైకిలు వచ్చి గుద్దుకుంది. అందుకని ముందుగా అద్దం చూసి, బ్రేకును దూరం నుంచే మెల్లగా తొక్కి, వెనక దీపం వాళ్ళకు కనబడనిచ్చి ఆగండి.

కాగితాల సంగతి కూడా చెప్పేస్తాను. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన రవాణా శాఖే ఇస్తుంది, దరఖాస్తు 4ఏ ఫారం మీద. అది ఏడాది పాటు చెల్లుతుంది. అది మీ లైసెన్సుకు అనువాదం లాంటిది కాబట్టి అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. నడిపే అర్హత గురించి ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నియమం ఉంటుంది. ఆ రాష్ట్ర మోటారు వాహనాల శాఖ సైటులో మీ అమ్మాయి చేత చూపించుకోండి. వాళ్ళ కారు బీమా కంపెనీకి మీరు నడుపుతారన్న సంగతి ముందుగా చెప్పించండి.


ప్రశ్న అడిగినవారు: సీతమ్మధార, విశ్రాంత అధ్యాపకురాలు

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. నీలం కారులోని ఆవిడ నాకు వంతు చూపించిందని తెలిశాక, ఏడాదిగా మనసులో ఉన్న ముల్లు తీసినట్టయింది. మాస్టారు చెప్పినట్టు ఈ రోజు ఉదయం ఎంవీపీ కాలనీలో గంటసేపు నడిపాను. ఇరవై కూడళ్ళ దగ్గర ఆగి ఉంటాను. పైకి చెప్పుకుంటూ ఉంటే, నడిచేవారిని నేను ఇన్నేళ్ళూ చివర చూసేదాన్నని అర్థమైంది. పాల ప్యాకెట్లు పట్టుకుని దాటబోతున్న ఒకాయన కోసం ఆగితే ఆయన కదలలేదు. నేను వెళ్ళిపోతానని ఎదురుచూస్తూ నిలబడ్డారు. చేత్తో దాటమని చూపిస్తే, అనుమానంగా రెండు అడుగులు వేసి, తరువాత పరుగెత్తారు.

ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. మనవడి బడి దగ్గర పసుపు బస్సు ఆగినప్పుడు ఎవరు ఎంత దూరంలో ఆగాలి? అంబులెన్సు వెనకనుంచి వస్తే మన దగ్గరలాగా ఎటు వీలైతే అటు జరగవచ్చా? ఎదుటివారు డిప్పర్ కొడితే దాని అర్థం ఏమిటి?


జవాబు: గాజువాక వాసి, ప్రస్తుతం న్యూజెర్సీ

మేడం గారూ, మీరు అప్పుడే అభ్యాసం మొదలుపెట్టడం చాలా సంతోషంగా ఉంది.

బడి బస్సు ముందు పసుపు దీపాలు మిణుకుమనిపిస్తే ఆగబోతోందని అర్థం. ఎర్ర దీపాలు మిణుకుమంటూ, పక్కనుంచి చిన్న స్టాప్ బోర్డు బయటకు తెరుచుకుంటే, మీరు వెనక ఉన్నా ఎదురుగా వస్తున్నా కనీసం 25 అడుగుల దూరంలో ఆగాలి. ఎర్ర దీపాలు ఆరేదాకా కదలకూడదు. రోడ్డు మధ్యలో డివైడరు ఉండి మీరు అవతలి వైపు ఉంటే ఆగనక్కరలేదు, గంటకు 10 మైళ్ళకు తగ్గించాలి. మనకు ఇక్కడ కష్టమైనది ఎదురుగా వస్తూ ఆగడమే. బస్సు అవతలి పక్కన ఉంది కదా, నాకేమిటి అనిపిస్తుంది. ఆ బస్సు ముందునుంచి దాటి వచ్చే పిల్లవాడు బస్సు ఎత్తు వల్ల మీకు కనబడడు, మీరూ వాడికి కనబడరు. బడి దగ్గర చేతిలో బోర్డు పట్టుకుని పిల్లల్ని దాటించేవారు ఉంటారు. వారు బోర్డు ఎత్తితే దీపం ఆకుపచ్చగా ఉన్నా ఆగండి.

అంబులెన్సుకు ఎటు వీలైతే అటు జరగకూడదు. అందరూ కుడి అంచుకు జరిగి ఆగుతారు. రోడ్డుకు నడుమ డివైడరు లేకపోతే ఎదురుగా వచ్చేవారు కూడా తమ కుడి అంచుకు జరిగి ఆగుతారు. అప్పుడు నడుమ దారి తెరుచుకుంటుంది. మీరొక్కరు ఎడమకు జరిగితే ఆ దారి మూసుకుపోతుంది. కూడలి మధ్యలో ఉంటే, దాటేసి ఆ తరువాత కుడికి జరిగి ఆగండి.

డిప్పర్ సంగతి అన్నిటికంటే జాగ్రత్తగా వినండి. విశాఖలో ఎదుటివాడు డిప్పర్ కొడితే 'నేను వస్తున్నాను, నువ్వు ఆగు' అని. ఇక్కడ చాలామంది 'నేను ఆగాను, నువ్వు వెళ్ళు' అన్న భావంతో కొడతారు. ముందు పోలీసు ఉన్నాడనీ, మీ దీపాలు వెలగడం లేదనీ చెప్పడానికి కూడా కొట్టేవారున్నారు. చట్టంలో దానికి వంతు మార్చే శక్తి లేదు. కాబట్టి మీరు ఎవరికీ కొట్టకండి. ఎవరైనా కొడితే, చేయి ఊపినప్పుడు చూసుకున్నట్టే అన్ని లేన్లూ చూసుకోండి.

సిగ్నల్ దీపాలు పూర్తిగా ఆరిపోయి ఉంటే ఆ కూడలిని నాలుగు స్టాప్ బోర్డుల కూడలిగానే భావించి నడపాలి. అక్టోబరు తరువాత గాలివానలకు కరెంటు పోయే రోజులు ఉంటాయి, అందుకని చెబుతున్నాను.

మీరు దిగిన వెంటనే నడపకండి. నిద్ర సర్దుకోవడానికి వారం పడుతుంది. ఆ తరువాత ఒక శనివారం పొద్దున్నే అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నీలం కారు కనబడిన ఆ కూడలికే వెళ్ళండి. ఒకసారి తూర్పు నుంచి, ఒకసారి పడమర నుంచి, తరువాత ఉత్తరం నుంచి, దక్షిణం నుంచి రండి. ప్రతి వైపు నుంచీ మూడేసి సార్లు: తిన్నగా, కుడికి, ఎడమకు. పన్నెండు సార్లు అయ్యేసరికి ఎలాగూ నాలుగైదు కార్లు ఎదురవుతాయి. అప్పుడు మాస్టారు నేర్పిన మాటలు తెలుగులోనే పైకి చెప్పుకోండి, అల్లుడికీ వినబడేలా.